మోదుగుపూల రంగు

టీబీ గోలీ మింగితే కిడ్నీలు కరిగి ఎర్రగా కిందికి దిగుతాయని నస్పూర్ గని క్వార్టర్లలో పుకారు లేపింది పక్కింటి కమలవ్వ. ఆమె కళ్ళారా చూడలేదు. ఆసిఫాబాద్‌లో ఎవరికో అట్లా అయిందని వాళ్ళ చిన్నమ్మ కోడలు చెప్పిందట.

నల్లా దగ్గర బిందె నిండేలోగా ఆ మాట సారక్క చెవిన పడింది. అంతకంటే ముందే, ఆ గోలీలే మింగుతున్న ఆమె మొగుడు రాయమల్లు చెవిన పడింది. గనిలో నెత్తి మీద కప్పు పెళపెళమన్నా జంకని మనిషి, మర్నాడు దొడ్లోకి పోయి కిందికి చూసుకుని గోడ పట్టుకున్నాడు. ఎర్రగానే ఉంది. ఆ పూట నుంచే గోలీలు బంద్.

దగ్గు మళ్ళీ తిరగబెట్టింది. సారక్క అతణ్ణి దవాఖానకు ఈడ్చుకుపోయింది. డాక్టరు నవ్వాడు. అది రక్తం కాదు, మందు రంగు అన్నాడు. నాలుగు రోజులు మింగి నాలుగు రోజులు మానేవాళ్ళ కిడ్నీలకే ముప్పు ఎక్కువని, అసలు మానేస్తే ప్రాణానికే చేటని మందలించాడు. వచ్చేసారి పొద్దుటి మూత్రం సీసాలో పట్టి తెమ్మన్నాడు. ఎర్రగా ఉంటేనే మింగుతున్నట్టు లెక్క.

అప్పట్నుంచి సారక్క రోజూ పొద్దున్నే గోలీ చేతిలో పెట్టేది. రాయమల్లు నీళ్ళ గ్లాసుతో దొడ్లోకి నడిచేవాడు. పెండ్లాం చూస్తుంటే మందు గొంతు దిగదట. మింగాడో, గోడ అవతల పారేశాడో ఆ దేవుడికే ఎరుక. మొగుడు మళ్ళీ ఎర్రగా పోస్తే అతని ఎత్తు బెల్లం తూచి ఇచ్చుకుంటానని సారక్క సమ్మక్కకు మొక్కుకుంది.

దవాఖానకు పోయే రోజు రాయమల్లు సీసా పట్టుకుని దర్జాగా వాకిట్లోకి వచ్చాడు. మోదుగుపూలు నానేసిన హోలీ నీళ్ళలా మెరిసిపోతోంది సీసా. సారక్క రెండు చేతులూ జోడించింది.

అంతలో కమలవ్వ వచ్చింది. సీసా చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"నేను చెప్పలేదా చెల్లె? కిడ్నీలు నీళ్ళయి పోతున్నయి."

"అది మందు రంగు అక్కా. డాక్టర్ సారే చెప్పిండు."

"సార్‌కేం పోయింది? మా ఇంటాయనను సూడు. పుట్టినకాన్నుంచి ఒక్క గోలి మింగి ఎరుగడు. మొన్నటిదాంక ఎండుకట్టె తీర్గ ఉండె, గిప్పుడు దుక్కిటెద్దు లెక్క అయిండు."

గోడ అవతల ఆమె మొగుడు పోశం డ్యూటీకి పోవడానికి సైకిలు తుడుచుకుంటున్నాడు.

కమలవ్వ అంతటితో ఊరుకోలేదు. ఇట్లా ఎర్రగా పోసినవాడు బతికి బట్టకట్టడం తాను వినలేదని, ఆ మనిషికి ఇష్టమైనవి ఇప్పుడే వండిపెట్టుకోమని సారక్కకు బుద్ధి చెప్పింది.

రాయమల్లు మొహం వాడిపోయింది. గోడ అవతలికి జాలిగా చూశాడు.

"గట్లయితే నువ్వే వండిపెట్టు వదినె. గీ సీసలది నాది కాదు, పొద్దుగాల పోశన్ననడిగి తెచ్చుకున్న."