పొగ గొట్టం తిప్పినవాడు

"పిల్లల దొంగ! పట్టుకోండి!"

బట్టల కంపెనీ వెనక పెరట్లోంచి కాలరక్క కేక. చొక్కాలకు కాలర్లు కుట్టీ కుట్టీ ఆవిడకు ఆ పేరే మిగిలింది.

అందరూ మిషన్లు వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

పిల్లల గది కిటికీ కింద ఒకడు నక్కి ఉన్నాడు. బక్కచిక్కిన మనిషి. చేతుల నిండా మసి. అక్కడ మూగినవాళ్లెవరూ అతన్ని ఎరగరు.

తల్లులు కుట్టుపనిలో ఉన్నంతసేపూ వాళ్ల పసివాళ్లు ఉండేది ఆ గదిలోనే. ఏడాది నిండని కాలరక్క కూతురు కూడా అక్కడే పడుకుని ఉంది.

"గోడ దూకి వచ్చాడు! కిటికీలోంచి నా బిడ్డనే చూస్తున్నాడు!"

"కాదమ్మా... పిల్లలకి... ఈ పొగ..."

అతనికి దగ్గు అడ్డొచ్చింది. పక్కనే జనరేటర్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆ సగం మాట కూడా ఎవరికీ వినపడలేదు.

"ఏంట్రా గొణుగుతున్నావ్?" సూపర్‌వైజర్ చెంప ఛెళ్లుమనిపించాడు.

ఒకడు మొదలుపెడితే ఇంకేముంది? తలా ఒక చెయ్యి వేశారు. కాలరక్క చెప్పు తీసుకుని వాయించింది. కన్నతల్లి, ఆవిడనేం అంటాం?

చివరికి ఈడ్చుకెళ్లి గేటు బయట పడేశారు.

"వారం నుంచీ ఈ జనరేటర్ పొగ గొట్టం వెనక గోడ వైపుకి ఎవరు తిప్పుతున్నారా అనుకుంటున్నా. వీడన్నమాట!" అన్నాడు జనరేటర్ ఆపరేటర్.

"తిప్పి ఏం చేసుకుంటాడట?"

"పిచ్చి ముదిరిందేమో!"

ఆపరేటర్ గొట్టాన్ని మళ్లీ పాత వైపుకే తెచ్చి బోల్టు బిగించాడు. "ఇక వీడి తాత దిగొచ్చినా కదల్దు."

"చోద్యం చాలు, మిషన్లెక్కండి! సరుకు ఓడెక్కాలి!" సూపర్‌వైజర్ అదిలించాడు.

ఊళ్లో ఫ్యాక్టరీ పక్కన ఫ్యాక్టరీ లేచింది. మేడ మేడకీ ఏసీ వచ్చింది. కరెంటు చాలక సగం రోజు కోతే. "కరెంటు చాలడం లేదంటే దేశం ఎదుగుతున్నట్టే కదయ్యా!" అని ఓనరు తెగ మురిసిపోయేవాడు. దేశం సంగతేమో గానీ, ఆ జనరేటర్‌కి మాత్రం ఊపిరి సలిపేది కాదు. పొగ వాసన ఊరంతా ఉండేదే కాబట్టి కంపెనీలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

రెండు మూడు రోజులకే కాలరక్క కూతురికి దగ్గు తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం పాలివ్వబోతే పిల్ల కళ్లు తెరవలేదు. చేతుల్లో తోటకూర కాడలా వాలిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్లకు ఆక్సిజన్ పెట్టింది.

"పొగ పీల్చిందమ్మా. కాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. ఎన్నాళ్లుగా ఉంది ఈ దగ్గు?"

"ఎండలు ముదిరినప్పటి నుంచీ అమ్మా. మొన్నామధ్య ఒక వారం చేత్తో తీసేసినట్టు పోయింది. మళ్లీ..."

కాలరక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమే కదా గొట్టం పిల్లల గది వైపు కాక గోడ వైపు తిరిగి ఉన్నది!

"అయ్యో, నా చేతులు పడిపోను!"

పిల్లకు గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పాక, మొగుణ్ణి దగ్గర కూర్చోబెట్టి కంపెనీ గేటుకు పరుగెత్తింది.

"ఆ దగ్గులోడా? వెనక గోడవతల అద్దె గదుల్లో ఉంటాడక్కా," అన్నాడు వాచ్‌మన్. "ఏదో చెప్పాలని గేటు దగ్గర తచ్చాడేవాడు. నేనే తరిమేశా."

గది తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కగది ముసలమ్మ నేల కడుగుతోంది.

"అవ్వా, ఇక్కడుండే ఆయన..."

"ఇంకెక్కడి ఆయన తల్లీ! పొద్దున్నే మట్టిలో కలిపొచ్చారు."

కాలరక్క గుమ్మం దాటి లోపలికొచ్చింది. "మేం కొట్టిన దెబ్బలకేనా?"

"దెబ్బలో, పొగో! బాయిలర్లో బొగ్గు వేసీ వేసీ ఎప్పుడో గుల్లయిపోయిన మనిషి. 'నా ఊపిరి ఎలాగూ అయిపోయింది అవ్వా, గోడవతల పసిగుడ్లు దగ్గుతుంటే ముద్ద దిగడం లేదు' అనేవాడు."

 కాలరక్క గది చుట్టూ చూసింది.

గోడలన్నీ మసిబారి ఉన్నాయి. మంచం పక్కన ఒకే ఒక్క కిటికీ. అందులోంచి గోడ మీదుగా కంపెనీ పెరడు, జనరేటర్ కనిపిస్తున్నాయి.

పిల్లల గది నుంచి పొగ గొట్టాన్ని తిప్పినప్పుడల్లా ఆ మనిషి తిప్పుకున్నది తన కిటికీ వైపే.