మరమనుషుల విహారయాత్ర

తిరుపతిలో విశ్రాంత ఆచార్యుల సంఘం తలకోన అడవికి బస్సు వేసింది. చెట్ల గురించి చెప్పడానికి వృక్షశాస్త్రం బోధించి రిటైరైన సువర్చలమ్మ ఎక్కి చూస్తే, పన్నెండు సీట్లలోనూ ఆచార్యులకు బదులు వాళ్ల ఇళ్లలోని మరమనుషులే కూర్చుని ఉన్నాయి.

“పురంధర్ సార్‌కి మోకాళ్ల నొప్పులు మేడమ్. మీ పాఠం విని ఇంటికెళ్లి చెబుతాను,” అంది ముందు సీట్లోని మరమనిషి.

“పోయిన నెలా ఇదే మాట! నేనేమన్నా గోడలకి చెప్తా ఉండానా?” అని సువర్చలమ్మ విసుక్కుంది. అడవి వద్దని, బస్సును పురంధర్ ఇంటికి పొమ్మంది.

పురంధర్ లుంగీలోనే వచ్చి తలుపు తీశాడు.

“మీ పెరట్లో ఉసిరిచెట్టు ఉంది కదా సార్, క్లాసు ఇక్కడే. కుర్చీ తెచ్చుకోండి.”

ఆయన సిగ్గుపడుతూ కుర్చీ తెచ్చుకున్నాడు. సువర్చలమ్మ మరమనుషుల వైపు తిరిగింది.

“మీరు బస్సెక్కి పోయి, మిగతా సార్లని పిలుచుకొని రండి.”