పడుకున్న ఎద్దు

“ఆ ఎద్దు పడుకోలేదురా, పడిపోయింది,” అంది అక్క, చేతిసంచి కిందికైనా దించకుండా.

పండితుడు కళ్లద్దాలు సవరించుకున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో తేల్చుకునే పని ఆయన ఏనాడూ పెట్టుకోలేదు. అరగంటలో మ్యూజియం కారు వస్తుంది. పదకొండేళ్ల తర్వాత దక్కిన ఉపన్యాసం, పేరు ‘పడుకున్న ఎద్దు’. విషయం, తన పాత నిఘంటువు పేజీల మధ్య దొరికిన ఒక బొమ్మల ఉత్తరం. అక్షరం ముక్క లేదు. నాలుగు పల్లె దృశ్యాలు, అంతే. వాటి మీద ఆయన రాసిన వ్యాసం అరవై పేజీలు, పాదసూచికలు కాక.

“అక్కా, ఇవి ఎవరో అజ్ఞాత రైతు కుటుంబం వేసిన బొమ్మలు. ఎద్దు పడుకోవడం శ్రమ తర్వాతి ప్రశాంతతకు సంకేతం. పన్నెండు పేజీల్లో నిరూపించాను.”

“అజ్ఞాతమా నీ తలకాయా! నువ్వు పంపిన ఆహ్వానపత్రం మీద అమ్మ గీతలు చూసే కదా మొదటి బస్సెక్కాను. చదువు రాదని మనింట్లో గిన్నెల మీదా పెట్టెల మీదా పేర్లకు బదులు బొమ్మలు గీసేది, మర్చిపోయావా? నాన్న చెంబు మీద ఏముండేది?”

పండితుడు బొమ్మలోని ఎద్దు వంక చూశాడు.

“ఎద్దు,” అన్నాడు, పాఠం అప్పజెప్పలేని పిల్లవాడి గొంతుతో.

“ఆఁ! నాన్న బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడురా. మూడు నెలలు మంచం దిగలేదు. ఈ గుమ్మంలో కోడి అమ్మ. దారి వంకే చూస్తోంది, నువ్వొస్తావేమోనని.”

కోడి చూపును ఆయన వ్యాసంలో ‘కర్షక కాలస్పృహ’ అన్నాడు. ఆ పేజీని పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాడు.

“బావి గట్టు మీద పిల్లి?”

“నేను. నీళ్లన్నీ నేనే మోస్తున్నానని.”

పిల్లిని ఆయన ‘పల్లె సోమరితనం’ అన్నాడు. అక్క ముఖం చూసి ఆ కాగితాన్ని మెల్లగా దొంతర అడుక్కి తోసేశాడు.

“మరి... ఈ గాడిద?”

“వీపు మీద పుస్తకాలు. మొహమేమో ఊరికి అవతలి వైపు. ఇంకా అడుగుతావేంరా?”

చదువుకునే రోజుల్లో తన ట్రంకుపెట్టె మూత మీద ఉండిన జంతువు ఆయనకు కళ్లకు కట్టింది. హాస్టల్లో నాలుగేళ్లూ అది గుర్రమనే అందరితో వాదించాడు.

“నేను రాసిపెడతానన్నా అమ్మ వింటేనా!” అంది అక్క. “కొడుక్కి ఉత్తరం తన చేత్తోనే వెళ్లాలంది. జన్మలో తను పంపిన ఉత్తరం ఇదొక్కటే.”

బయట కారు హారన్ మోగింది. అరవై పేజీలూ వృథా అయిపోయాయి. అయినా పండితుడికి ఉన్నట్టుండి ప్రాణం లేచివచ్చింది. పెన్ను తీశాడు.

“పోనీలే అక్కా. ఉత్తరం అందగానే నేను ఉన్నపళంగా బయల్దేరి వచ్చే ఉంటాను కదూ? ఆ ఒక్క మాటతో ముగిస్తే చాలు, సభంతా కంటతడి పెడుతుంది.”

“రాలేదు,” అంది అక్క. “జవాబు మాత్రం రాశావు. అమ్మ నాచేత పదిసార్లు చదివించుకుని దాచుకుంది.”

సంచిలోంచి పసుపుబారిన కార్డొకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. దస్తూరి ఆయనదే, గుండ్రంగా, ఒక్క కొట్టివేత కూడా లేకుండా:

“అమ్మా, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. ఎద్దు పడుకున్న తీరులో గొప్ప ప్రశాంతత ఉంది. కొమ్ములు మాత్రం కాస్త పొడుగయ్యాయి.”