తుమ్ముల లెక్క

చట్నీ రుబ్బుతుంటే వంటింటి గోడ మీది తేల్పరి, అదే, ఇంట్లో ఏది మేలో లెక్కగట్టి తేల్చే యంత్రం, శుభవార్త చెప్పింది. నా వాము కషాయం తాగిన రోజుల్లో మా ఆయన సుధన్వ సగటున నాలుగుసార్లు తుమ్మాడు. అత్తయ్య తులసి కషాయం తాగిన రోజుల్లో పదకొండుసార్లు. ఇంత తేడా ఊరికే కలిసొచ్చే అవకాశం నూటికి రెండు పాళ్లేనట.

నెల రోజులుగా ఏ రోజు ఏ కషాయమో తేల్పరే చీటీ తీసి చెబుతోంది. ఓడిన కషాయానికి ఇక మా పొయ్యి వెలగదు. అన్ని ఇళ్లలోనూ ఇప్పుడు అదే పద్ధతి. కొడుక్కి ఇరవై ఏళ్లుగా కషాయం కాచిన గిన్నెను అత్తయ్య తుడిచి పైఅరలో పెట్టారు.

నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ ఏడు తుమ్ములూ ఎక్కడికి పోయాయో తెలుసుకోవాలనిపించింది.

"నిజం చెప్పు, నా కషాయం అంత బాగా పనిచేసిందా?" అని సుధన్వని అడిగాను.

"నీ వంతు రోజున తుమ్మొస్తే ముక్కు నొక్కుకునేవాణ్ణి," అన్నాడు నేల చూస్తూ. "నువ్వు ఓడిపోతావేమోనని."

అత్తయ్య పకపకా నవ్వారు. "పెళ్లై రెండు నెలలు కాలేదు, అప్పుడే నీ ముక్కు కూడా అమ్మాయి పక్షమేనట్రా?"

నా కోసం తుమ్ము ఆపుకునే మనిషి దొరికాడని మురిసిపోతూనే, తేల్పరి మీట నొక్కి నా గెలుపును కొట్టేయించాను.

అత్తయ్య గిన్నె కిందికి దించారు. "రేపు మళ్లీ మొదలుపెడదామమ్మా. రెండిట్లోనూ ఇంగువ దండిగా వేసేద్దాం. ఏది నీదో, ఏది నాదో వీడికి తెలియకూడదు."