మూడోసారి తట్టని తలుపు

పోలండ్‌లోని మా ఊళ్ళో తెల్లవారుజామున ప్రార్థనామందిరం తెరిచేముందు మూడుసార్లు తలుపు తట్టాలి. రాత్రంతా లోపల ప్రార్థన చేసుకునే చనిపోయినవాళ్ళు ఆ చప్పుడు విని సమాధులకు వెళ్ళిపోతారని మా యూదుల నమ్మకం. ఆ తట్టే పని నాన్నది. యుద్ధంలో మా ఊరి యూదులందర్నీ శిబిరాలకు పట్టుకుపోయారు. యుద్ధం అయ్యాక ప్రాణాలతో తిరిగొచ్చింది నేనూ, చెల్లెలు హిందే మాత్రమే.

“త్వరగా తలుపు తియ్యన్నయ్యా, చలికి చచ్చిపోయేలా ఉన్నాను.”

“శిబిరంలో చావనిదానివి, ఇక్కడ చస్తావా?”

రెండుసార్లు తట్టాను. లోపల ఊరంతా ఒక్కసారి లేచినట్టు అడుగుల చప్పుడు. అందులో నాన్న దగ్గు.

మూడోసారి తట్టబోతుంటే హిందే నా చెయ్యి పట్టుకుంది.

“వద్దన్నయ్యా. అందర్నీ బూడిద చేసేశారు కదా, ఒక్కరికీ సమాధి లేదు. పొమ్మంటే ఎక్కడికి పోతారు?”

చెయ్యి దించేశాను. లోపల ప్రార్థన మళ్ళీ మొదలైంది. గడప మీద కూర్చుని, బయటినుంచే ఇద్దరం “ఆమెన్” అన్నాం.