ఒక్క రింగు

పాఠం మధ్యలో వంశీ ఫోన్ మోగింది. అతను టక్కున కట్ చేశాడు.

"పది గంటల మిస్డ్ కాలేనా సార్?" అంది పూజ. బీబీఏ పిల్లలందరూ గొల్లుమన్నారు.

వంశీ మొహం మాడ్చుకుని బోర్డు వైపు తిరిగాడు.

"ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ను 'ఉన్నవా?' అని అడుగుతది. అది 'ఉన్న' అంటది. దీన్నే పింగ్ అంటరు."

"జవాబు రాకపోతే సార్?"

"మళ్ళ మళ్ళ అడుగుతది. అయినా రాకపోతే అవతల ఏదో అయిందని లెక్క. రాసుకోండి."

హనుమకొండలో గెస్ట్ లెక్చరర్‌గా చేరిన కొత్తలో వంశీ తీసుకున్న సిమ్ అది. మూడో రోజే కేసముద్రం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"ఇది మా చెల్లె నెంబరు బిడ్డా."

"వాడని నెంబర్లు కంపెనీ వేరేవాళ్ళకు ఇస్తదమ్మా. ఇప్పుడు నాది."

"చెల్లె పోయి ఏడాదాయె. మనసు ఊకుంటలేక చేసిన. నా పేరు రత్నమ్మ. నీకెవరెవరున్నరు బిడ్డా?"

"ఎవ్వరు లేరు. రూంల ఒక్కన్నే ఉంట. కాలేజీల నెట్‌వర్కులు చెప్త," అన్నాడు వంశీ, ఎలాగైనా వదిలించుకోవాలని.

"అయితే రోజు పదింటికి ఒక్క రింగిస్త. నువ్వు కట్ చెయ్యి, చాలు. చెల్లెకు గట్లనే ఇచ్చేదాన్ని. కట్ చేస్తే బాగున్నట్టు."

పాపం, ఒంటరి ముసలామె, తన బాగు కనుక్కునే దిక్కులేదు కాబోలు అనుకుని వంశీ సరేనన్నాడు. నెల తిరిగేసరికి ఆ జాలి కాస్తా విసుగైంది.

పూజ నవ్విన రోజు సాయంత్రమే వేరే సిమ్ కొన్నాడు. పాతది డ్రాయర్లో పడేశాడు. పీడ వదిలిందనుకున్నాడు.

ఐదో రోజు అటెండర్ ఫ్రాన్సిస్ స్టాఫ్ రూంలోకి తొంగిచూశాడు.

"సార్, గేటు కాడ ఎవరో పెద్దమ్మ. నెట్‌వర్కుల సారు కావాలంటాంది."

ఇంటర్నల్ మార్కుల కాలం. ఏ పిల్లాడి నాయనమ్మో బతిమాలడానికి వచ్చి ఉంటుంది.

"కాలేజీకి వస్తలేడని చెప్పన్నా," అన్నాడు వంశీ తల ఎత్తకుండానే.

"జర పేరన్న అడుగనా సార్?"

"వద్దు."

రెండు వారాల తర్వాత బ్యాంకు ఓటీపీ కోసం పాత సిమ్ వేయాల్సి వచ్చింది. ఓటీపీ కంటే ముందు ఇంకో మెసేజ్ వచ్చింది. ఒకే నెంబరు నుంచి ఇరవై మూడు మిస్డ్ కాల్స్. అన్నీ సిమ్ తీసేసిన మొదటి ఐదు రోజులవే. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

వంశీ వెంటనే ఆ నెంబరుకు చేశాడు. ఎవరో మగమనిషి ఎత్తాడు.

"రత్నమ్మ గారున్నరా?"

"అమ్మ పోయింది. నేను కొడుకును, యాకయ్యను. మీరెవరు?"

"హనుమకొండ నుంచి... నెట్‌వర్కులు చెప్పే..."



"బతికే ఉన్నరా సార్!"

"ఏమైంది?" అన్నాడు వంశీ.

"మీ ఫోన్ కలుస్తలేదని రైలెక్కి వచ్చింది. నాలుగు కాలేజీలు అడిగి మీది పట్టుకున్నది. మీరు వస్తలేరని చెప్పిండ్లని మాకు ఫోన్ చేసింది. పిలగానికి ఏమైందోనని దవాఖానలన్ని తిరిగింది. ఆఖరుకు ఒక దవాఖాన మెట్ల మీదనే పడిపోయింది."



"పాపం, ఒంటరి మనిషి... ఎవరన్న తనను కనిపెట్టుకొని ఉండాలనే గద నాకు రింగిచ్చేది," అన్నాడు వంశీ.

"ఒంటరా?" అన్నాడు యాకయ్య. "మేం నలుగురు కొడుకులం సార్. కోడండ్లు, మనుమలు, ఇల్లంత మందే. 'నాకు ఇంటినిండ మనుషులున్నరు, ఆ పిలగాన్నే ఉన్నవా అని అడిగేటోళ్ళు లేరు' అని, మీ కోసమే రోజు రింగిచ్చేది మా అమ్మ."