బల్ల మీద లేని శత్రువు

బల్ల మీద చోటు చాలక గడియారాల మేస్త్రి శత్రువు బొమ్మల్ని చేయలేదు. పాతకాలం ఫొటోలు ముందేసుకుని, గుండీలతో సహా సరిచూసి చేసిన వేలెడంత సైనికులు మాత్రం కందకంలో వరసగా నిలబడి, బల్ల అంచు వైపు తుపాకులు ఎక్కుపెట్టారు. ఆ అంచుకు ఎదురుగా గది తలుపు.

"వీళ్ళంతా ఎవర్ని కాలుస్తారండీ? లోపలికొస్తే నన్నా?" అంది భార్య, టీ గ్లాసు పెడుతూ.

"ఇంకా కాల్చట్లేదే! చూడు, ఒక్కడి వేలైనా ట్రిగ్గర్ మీద ఉందా? ఆర్డరొస్తేనే పెట్టాలి. అప్పటి రూలు."

"మీ చాదస్తం బొమ్మలకీ అంటించారన్నమాట," అని నవ్వుకుంటూ ఆమె పడుకోవడానికి వెళ్ళింది.

ఇల్లు సద్దుమణిగింది. చివరివాడి బూట్లకు బురద రంగు అద్ది, కుంచె కడిగి తలెత్తేసరికి ఒక తుపాకి బీరువా వైపు తిరిగి ఉంది. జిగురు ఆరలేదేమో అనుకున్నాడు. కానీ అది అతికించి వారం దాటింది. వేలితో నొక్కి చూశాడు. రాయిలా ఉంది.

దీపం దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి అన్ని తుపాకులూ తిరిగే ఉన్నాయి. తలుపు వైపూ కాదు, బీరువా వైపూ కాదు. గురి అతని భుజం మీదుగా కుర్చీ వెనక్కి పోతోంది.

తల తిప్పుదామనుకున్నాడు. మెడ మాట వినలేదు.

పక్కగదిలోంచి భార్య నిద్రగొంతుతో అడిగింది. "ఏవండీ, ఎవరొచ్చారు?"

అతను భూతద్దం కంటికి ఆనించుకుని కందకంలోకి చూశాడు.

అందరి వేళ్ళూ ట్రిగ్గర్ మీదే ఉన్నాయి.